మందిరం మెట్లెక్కిన చర్చి పెట్టె

జర్మనీలో చిన్న పల్లెటూరి చర్చిలోనూ సాధారణంగా ఒక ఆర్గన్ ఉంటుంది. మనిషిని మించిన గొట్టాలు, గోడంత పెట్టె. మరి మన టెక్కలి, సోంపేటల్లో? ఇక్కడ పనిచేసింది కెనడా బాప్టిస్టు మిషన్. అంత ఆర్గన్‌ను ఓడలో తేవడం, ఈ ఉప్పుగాలికి నిలబెట్టడం అయ్యే పనా! మన దేశానికొచ్చిన మిషనరీలు ఎక్కువగా వెంట తెచ్చుకున్నది దాని చెల్లెలు హార్మోనియాన్నే. 1842లో పారిస్‌లో డెబెయిన్ పేటెంట్ తీసుకున్న పెట్టె అది. గొట్టాలుండవు. రీడ్లే పలుకుతాయి.

దాన్ని కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కాలి. మనవాళ్లేమో చాపమీద కూర్చుని పాడతారు. అందుకే కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వెనకవైపు చేతితిత్తి పెట్టాడు. మన పాటకి ఒక చెయ్యి చాలు, రెండోది ఖాళీయే కదా! అలా చర్చి పెట్టె ఉద్దానం రామమందిరాల్లో భజనలకీ, నాటకాలకీ చేరిపోయింది. గమకం పలకదంటూ ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దూరం పెట్టినా పల్లె వదల్లేదు.

ఇప్పుడే వదులుతోంది. చర్చిలోనూ, మందిరంలోనూ కరెంటు కీబోర్డులొచ్చాయి. రీడు శ్రుతి తప్పితే కొసన గీకాలి, శ్రుతి పెరుగుతుంది. మొదట్లో గీకితే తగ్గుతుంది. వెంట్రుకవాసి ఎక్కువైతే రీడు పోయినట్టే. ఆ చెయ్యి తిరిగినవాళ్లు ఎక్కడో గాని దొరకడం లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చుట్టూ స్తంభాలను కూల్చేసింది. ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ రాత్రుళ్లు ఏ కీబోర్డు పలుకుతుంది?