ప్రయాణపు ముచ్చట్లు: తాళపుచెవి కంటె ముందు కాగితము



విదేశములలో బిడ్డలున్న తల్లులు ఇప్పుడు మన యిండ్లలో చాలమంది కలరు. బిడ్డలను చూడబోయినవారు ఆ యింటిలోనే కూర్చుండి తిరిగి రారు గదా! కొడుకో కూతురో సెలవు పెట్టి నాలుగుచోట్లు చూపింతురు. శీతకాలమయినచో మంచుకొండలకు తీసికొనిపోవుదురు. అట్టి ప్రయాణమున మేము చేసిన యొక పొరపాటును గూర్చి యీ మాసము వ్రాయదలచితిమి. అది పరులది కాదు, మాదే. దాచుకొనుటకంటె చెప్పుకొన్నచో నలుగురికి ఉపయోగపడునని యీ ప్రయత్నము.

మా అబ్బాయియు కోడలును లండనులో ఉద్యోగములు చేయుచున్నారు. వారికి ఆరేండ్ల కుమారుడు. గడచిన శీతకాలమున మమ్ము వెంటబెట్టుకొని షమొనీ అను ఊరికి పోదమనిరి. ఆ ఊరు ఫ్రాన్సు దేశమున, మాంట్ బ్లాంక్ పర్వతము క్రింద ఉన్నది. మొదటి శీతకాలపు ఒలింపిక్ క్రీడలు 1924లో జరిగినది అచ్చటనే. కాళ్ళకు పొడవైన పలకలు కట్టుకొని మంచుమీద జారు స్కీ ఆటకు దేశదేశములవారు అచ్చటికి వత్తురు. అయితే ఆ ఊరిలో విమానాశ్రయము లేదు. దగ్గరనున్నది జినీవా. జినీవా స్విట్జర్లాండులోనిది. కనుక ఒక దేశమున దిగి, అచ్చట కారు అద్దెకు తీసికొని, సుమారు గంటన్నరలో వేరొక దేశమునకు పోవలెను.

జినీవా విమానాశ్రయమునకొక చిత్రము కలదు. కట్టడము ఒక్కటియే గాని, దానిలో స్విస్సు భాగము, ఫ్రెంచి భాగము అని రెండున్నవి. ఫ్రెంచి భాగమునుండి ఫ్రాన్సులోనికి ప్రత్యేకముగా నొక దారి పోవును. అద్దెకార్లు రెండు వైపులను దొరకును. ధర తక్కువయని చూచి ఏ వైపుదో గమనింపక నిర్ణయించుకొన్నచో తరువాత చిక్కు. ఏ వైపున తీసికొన్నారో ఆ వైపుననే అప్పగింపవలెను. మరియు స్విట్జర్లాండులోని పెద్దరహదారుల మీద నడచుటకు సంవత్సరపు చీటీ యొకటి ఉండవలెను. దాని వెల 40 ఫ్రాంకులు. అది లేక పట్టుబడినచో 200 ఫ్రాంకులు జుల్మానా, చీటీ వెల వేరు. స్విస్సు కార్లకు ఆ చీటీ ఉండును. ఫ్రెంచి భాగములోని కారుకు ఉండకపోవచ్చును. కాని షమొనీకి దగ్గరిదారి జినీవా చుట్టునున్న స్విస్సు రహదారి మీదుగనే పోవును. ధర తక్కువయిన కారు తీసికొని చీటీ కొనుట మరచినవారు ఇట్లు చిక్కుపడుదురు.

మావాడు తెలివైనవాడు గనుక స్విస్సు వైపుననే కారు కుదిర్చెను. బల్ల ముందు నిలిచితిమి. అచ్చటి గుమాస్తా కాగితములు ముందుంచి, "ఇంకెవరైన నడుపుదురా? రెండవవారి పేరు వ్రాయించినచో రోజుకింత అదనము," అని అడిగెను. మా కోడలు తన లైసెన్సు తీయబోయెను. అప్పుడు మేము, "ఒక్కడు నడిపిన చాలదా అమ్మా? నీవు పిల్లవాని ప్రక్కన కూర్చుండుము. ఆ డబ్బుతో వానికొక మంచి టోపీ కొనవచ్చును," అంటిమి. ఆమె మారుమాట పలుకక లైసెన్సు మరల సంచిలో నుంచుకొనెను. పెద్దవారి మాట కాదనలేని మొగమాటమది. ఆ క్షణమున మేము పొదుపు చేసితిమనియే తలచితిమి.

రెండవనాడు మా అబ్బాయి మంచుమీద జారిపడెను. కుడికాలి చీలమండ బెణికి వాచిపోయెను. వైద్యుడు కట్టుకట్టి, వారము దినములు ఆ కాలిపై భారము మోపరాదని చెప్పెను. కుడికాలు లేనిదే కారు నడుచుటెట్లు? తిరుగు విమానమునకు మూడుదినములే ఉండెను.

"నేను నడుపుదును గదా, లైసెన్సు ఉన్నది," అని కోడలనెను. కాగితము తీసి చూడగా, పేరు వ్రాయబడనివారు నడిపినచో భీమా చెల్లదని స్పష్టముగ నుండెను. అనగా ఆ కొండమలుపులలో ఏమి జరిగినను నష్టమంతయు మాదే. ఎదుటివారికి దెబ్బ తగిలినచో దానికి మితియే లేదు. కంపెనీవారికి టెలిఫోను చేయగా, ఆమె లైసెన్సుతోను మా అబ్బాయి సంతకము చేసిన జాబుతోను జినీవాలోని తమ బల్లయొద్దకు స్వయముగా రావలెననిరి.

మరునాడు ఉదయము కోడలొక్కతె బస్సులో బయలుదేరెను. మధ్యాహ్నమునుండి మంచు కురియసాగెను. సాయంకాలము నాలుగయినది, ఐదయినది, చీకటిపడెను. మనుమడు కిటికీ అద్దమునకు ముక్కు ఆనించి, "మామ్మా, అమ్మ వచ్చు బస్సు ఏది?" అని ప్రతి దీపమును జూచి అడుగుచుండెను. వానికి మేమేమి చెప్పగలము? వాని టోపీ మా ఒడిలోనే ఉండెను. ఆ ఉన్నిటోపీని చూచినప్పుడెల్ల మేము బల్లయొద్ద అన్నమాట గుర్తుకు వచ్చుచుండెను. రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట ఆమె భుజములమీది మంచు దులుపుకొనుచు లోపలికి వచ్చెను. ఒక్క నిష్ఠురమైనను ఆడలేదు. "పని అయినది అత్తయ్యా," అని కాగితము చేతికిచ్చెను. అందులో ఆమె పేరు రెండవ వరుసలో ఉండెను. ఆ పేరు మొదటినాడే యుండవలసినది.

బయలుదేరునాడు ఆమెయే కారు నడిపి మమ్మందరిని క్షేమముగ దించినది. మంచుదారిని ఆమె చేతులెంత నిలకడగ నున్నవో ప్రక్కన కూర్చుండి చూచితిమి. బల్లయొద్ద మిగిల్చిన దానికి ఎన్నియో రెట్లు బస్సులకును టెలిఫోనులకును ఖర్చయ్యెను. అణా మిగుల్పబోయి రూపాయి పోగొట్టుకొనుట యనగా నిదియే. అయినను మాకు బాధ కలిగించినది ఆ ఖర్చు కాదు. నడుపగల కోడలిని మేము ప్రక్కసీటుకు పంపితిమి. అదియే మమ్ము బాధించినది.

ఇట్టి ప్రయాణము చేయబోవు చదువరులు కొన్ని సంగతులు మనసున నుంచుకొందురుగాక.

మొదటిది, ఏయే దేశములకు పోవుదురో ముందుగనే చెప్పి కాగితములో వ్రాయించుడు. షమొనీనుండి 1965లో తెరచిన మాంట్ బ్లాంక్ సొరంగము గుండ ఇటలీకి పోవచ్చును. దాని పొడవు సుమారు 11.6 కిలోమీటర్లు. ఊరకే చూచి వత్తమని పోయినను అది మూడవ దేశమే. స్విట్జర్లాండు 2008లో షెంగెన్ ఒడంబడికను అమలులోనికి తెచ్చుకొన్నందున, షెంగెన్ వీసా ఒక్కటి యున్నచో ఈ మూడు దేశములకును చాలును. కాని ఆ దేశము ఐరోపా సమాఖ్య సుంకపు కూటమిలో లేదు. కావున సరిహద్దున సుంకపుటధికారులు నిలిపి చూడవచ్చును. పాసుపోర్టులు పెట్టె అడుగున గాక చేతిసంచిలో నుంచుకొనుడు.

రెండవది టైర్లు. ఫ్రాన్సులోని కొండసీమలలో 2021 నవంబరునుండి నియమమొకటి అమలగుచున్నది. ఏటేట నవంబరు 1 మొదలు మార్చి 31 వరకు కారుకు నాలుగు శీతకాలపు టైర్లయినను, చక్రములకు వేయుటకు గొలుసులయినను ఉండవలెను. మూడుశిఖరముల కొండబొమ్మయు, దానిలో మంచురేకయు ముద్రించిన టైర్లే 2024 నవంబరునుండి శీతకాలపు టైర్లుగా చెల్లును. తాళపుచెవి పుచ్చుకొనకముందే వంగి ఆ ముద్రను చూడుడు. గొలుసులిచ్చినచో వెలుతురున్నప్పుడే బస ముంగిట ఒకసారి వేసి చూచుకొనుడు. చీకటిలో, వణకు వ్రేళ్ళతో నేర్చుకొను విద్య కాదది.

మూడవది పిల్లలు. స్విట్జర్లాండులో పండ్రెండేండ్లు నిండువరకు, లేదా 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చువరకు పిల్లలకు తగిన ప్రత్యేకపు ఆసనము ఉండవలెను. ఫ్రాన్సులో పదియేండ్లలోపువారికి నియమము. దానిని కారుతోపాటే అడిగి పెట్టించుకొనుడు.

నాలుగవది భీమా. అద్దములు, టైర్లు, కారు అడుగుభాగము చాల ఒడంబడికలలో భీమాకు వెలియై యుండును. మంచుదారులలో దెబ్బ తగులునవి అవియే. కారును నలువైపులను ఫొటో తీసికొనుడు. పూచీసొమ్ము నడుపువారి పేరనున్న క్రెడిట్ కార్డుమీదనే పట్టి యుంతురు గనుక ఆ కార్డు వెంట నుండవలెను.

అయిదవది లైసెన్సు. మన దేశమునుండి పోయి నడుపదలచినవారు ఇచ్చటి రవాణా కార్యాలయమున అంతర్జాతీయ అనుమతిపత్రము తీసికొనవలెను. ఒక సంవత్సరము చెల్లును. ఆ పత్రమునకు ఆధారమైన ఒడంబడిక 1949లో ఆ జినీవాలోనే కుదిరినది. అచ్చట కార్లు కుడివైపున నడచును గనుక మొదటి గంట మెల్లగ పోవుట మేలు.

చివరిది, మాకు వెలపెట్టి తెలిసినది. ఇంటిలో నడుపగలవారు ఇద్దరున్నచో ఇద్దరి పేర్లను వ్రాయింపుడు. కోడలయినను కూతురయినను, "నాకెందుకులే" యని వెనుకకు తగ్గనీయకుడు. పెద్దవారు డబ్బు గూర్చి మాటాడినను, ఆ ఒక్కచోట మాత్రము వినకుడు. మాబోటివారు ఆ మాట అన్నను వినకుడు.

మనుమడు ఆ టోపీని ఇప్పటికిని విడువడట. అది మామ్మ కొన్నదని అందరికి చూపుచున్నాడట. ఆ దినమున వానికి కావలసినది టోపీ కాదు, చీకటిపడకముందే ఇంటికి వచ్చు తల్లి.