చీపురు వంతు

విదేశములందు వసించి వచ్చిన మన సోదరులు తాము చూచిన వింతలను వర్ణించునపుడు తఱచుగా రెండే మాటలు చెప్పుచుందురు. "అచ్చటివారు యంత్రముల వంటివారు, వారికి హృదయము లేదు" అనునది యొకటి. "క్రమము వారి రక్తమందే యున్నది, మనకు జన్మజన్మలకును రాదు" అనునది రెండవది. ఈ రెండును అసత్యములే యనియు, మన సోమరితనమునకు ముసుగులే యనియు మా యభిప్రాయము. హేతువును మా యనుభవమునుండియే చూపుదుము.

మేము జర్మనీదేశమున స్టుట్‌గార్ట్ నగరమందు ఒక యద్దె యింట కాపురముంటిమి. ఆ ప్రాంతమున 'కేర్‌వోఖె' యను ఆచార మొకటి కలదు. ఊడ్చు వారమని దాని యర్థము. ఒక భవనమందలి కుటుంబములు వంతులవారిగా మెట్లను, నడవను, వాకిటి ముందరి కాలిబాటను శుభ్రపఱుపవలెను. వంతు వచ్చిన యింటి తలుపునకు చిన్న పలక వ్రేలాడును. మేము చేరిన రెండవ వారముననే యా పలక మా తలుపునకు వ్రేలాడెను. మేము ప్రక్కయింటి వృద్ధురాలిని సమీపించి, "ఇచ్చట ఊడ్చువా రెవరు? నెల కెంత యిచ్చుకొనవలెను?" అని యడిగితిమి. ఆమె మా ప్రశ్న బోధపడక కొంతసేపు చూచి, "ఈ వారము మీరే కదా" అనెను.

ఆ మాటకు మాకు కలిగిన లజ్జ యింతింత కాదు. ఊడ్చుటకు వేఱొక జాతి కలదని మాకెవరును బోధింపలేదు. అయినను మే మెఱుగుదుము. మా యూర మా వీధిని ఇరువదియేండ్లు ఊడ్చిన స్త్రీ పేరు మాత్రము నేటికిని ఎఱుగము.

క్రమము రక్తగుణమే యైనచో, ఆ నగరవాసులు వారమున కొకసారి తమ పెంటను ఊరి వెలుపలికి తోలవలెనని 1492లో శాసింప నేల? వీధుల శుభ్రతకై 1714లో మరల నొక శాసన మేల? వారును ఒకప్పుడు మనవలెనే యుండిరనుటకు ఆ శాసనములే సాక్ష్యము. దండనభయమే కారణమందురా? వారమువారము ఊడ్వవలెనను నిర్బంధమును నగరపాలకులు 1988లో తొలగించిరి. అయినను అద్దె యొడంబడికలలోను, ఇంటి కట్టుబాట్లలోను ఆ వంతు నేటికిని నిలిచియున్నది.

క్రమమే ధర్మమని మేము చెప్పము. పొరుగువారి చీపురును కిటికీ తెరచాటునుండి పరీక్షించు చాదస్తము అచ్చటను కలదు. అంతకంటె ఘోరమైనది వేఱొకటి. 1933 మొదలు 1945 వఱకు ఆ దేశము నేలిన ప్రభుత్వము పట్టికలు వ్రాసి, రైళ్లు నడిపి, లక్షలకొలది యూదులను మరణమునకు పంపెను. కావున క్రమ మెవరి కొఱకు, ఎవరి వీపుమీద నని యడుగక దానిని పూజింపరాదు. చీపురు వంతునందు మేము మెచ్చినది శుభ్రత కాదు. వైద్యునకును, లారీ నడుపువానికిని వంతు వచ్చినపుడు చీపు రొక్కటే యగుట.

మనకు శుభ్రత తెలియదనుట కల్ల. తెల్లవాఱకమునుపే కల్లాపి చల్లి ముగ్గులు పెట్టు వాకిళ్లు మనవి. కాని ముగ్గు దాటి నాలుగడుగులు పోగానే మన బాధ్యత ముగియును. ఊడ్చిన చెత్త పొరుగువారి గోడప్రక్కకు చేరును. ఆపైది 'వారి' పని. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసెను. మనుష్యులచేత మలము నెత్తించుటను నిషేధించుచు 2013లో మరల శాసనము చేయవలసివచ్చెను. శాసనములు మాఱినవి గాని చీపురు చేతులు మాఱలేదు.

స్టుట్‌గార్టులో మెట్లు తుడిచిన చేతులే హైదరాబాదు చేరగానే చీపురు ముట్టిన పరువు పోవునని ముడుచుకొనుచున్నవి. అచ్చట భార్యతో వంతు పంచుకొనిన భర్త, ఇచ్చట చీపురును ఆమె చేతికే అప్పగించుచున్నాడు. ఇట్టివారు విదేశమునుండి తెచ్చిన దేమి? మిఠాయిపొట్లములు మాత్రమే.

పాకీపనివారి జీతమును మిగుల్చుకొనుడని మేము చెప్పుట లేదు. వారికి తగిన వేతనమును, రక్షణను, గౌరవమును ఇయ్యక తప్పదు. కాని సోదరులారా, మీరు నివసించు భవనమున మెట్లకొక వంతు నేర్పఱచుడు. మొదటి వారము పలకను మీ తలుపునకే వ్రేలాడదీయుడు. ఊడ్చువా రెవరని యెవరైన నడిగినచో, "ఈ వారము మేమే" యని చెప్పుడు.