రహదారిపై సుంకపు ద్వారము

1993 ఏప్రిల్ 30వ తేదీని సెర్న్ సంస్థ వెబ్బును ఏ రుసుమును గోరక లోకమునకు ధారపోసెను. నాటినుండి యది యెల్లరకును రహదారి. 2008లో ఆపిల్ సంస్థ తన ఫోనున యాప్ స్టోరను అంగడిని దెఱచి, అందలి అమ్మకములపై నూటికి 30 సుంకము విధించెను. చిన్న వర్తకులకు 2021లో దానిని 15కు దించెను. తగ్గినది సుంకమే, ద్వారపాలకుని యధికారము తగ్గలేదు.

ఈ కట్టడి భద్రతకొఱకట! 2024 ఫిబ్రవరిలో ఐరోపా సమాఖ్య దేశములలో, ఫోను తొలితెరపై యాపులవలె నడచు వెబ్ యాపుల సౌకర్యమును తొలగించెదమనిరి. నిరసన రేగగా మార్చి 1వ తేదీననే మానుకొనిరి. భద్రతయే కారణమైనచో, అది నిరసనకు లొంగునా?

పాఠకమహాశయులారా! క్రొత్త పరికరమును మెచ్చుకొనుడు. బాటను మాత్రము విడువకుడు. వెబ్బున జరుగు పనిని వెబ్బుననే జరుపుకొనుడు. నడచువారు లేని బాటను గడ్డి కప్పివేయును.