స్విచ్చును కాదు, లీకేజీని తీసేయండి

పొదిలి చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా ఈఎల్‌సీబీ వరసగా రెండుసార్లు పడిపోయిందంటే, మూడోసారికి వినబడే మాట ఒకటే: "అది పీకేసి డైరెక్ట్ చెయ్యి." ఇంటాయన చెబుతాడు, కరెంటు మేస్త్రి చేసేస్తాడు. "మన ఊరి కరెంటుకు అవి ఆగవు, ఓల్టేజీ హెచ్చుతగ్గులకు ఊరికే పడిపోతాయి" అన్న సమర్థన ఇద్దరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది. ఈ మాట తప్పు. ప్రాణాలు తీసే తప్పు.

ఇప్పుడు ఆర్‌సీసీబీ పేరుతో అమ్ముతున్న ఈ స్విచ్చుకు ఓల్టేజీ హెచ్చుతగ్గులతో పని లేదు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్లో అంతా తిరిగొచ్చిందా లేదా అన్నదే అది చూస్తుంది. ఇళ్లకు వేసే రకం, తేడా 30 మిల్లీయాంపులకు చేరేలోపే పడిపోవాలి. తేడా వచ్చిందంటే ఆ కరెంటు తడిగోడలోకో, మోటారు బాడీలోకో, మనిషి ఒంట్లోకో పోతోందన్నమాట.

"ఎంసీబీ ఉందిగా, చాలదా?" అనేవాళ్లు ఈ లెక్క చూడాలి. తడిచేత్తో ముట్టుకున్న మనిషి ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములనుకుంటే, 230 వోల్టులకు ఒంట్లోంచి పోయేది 230 మిల్లీయాంపులు. గుండె లయ తప్పడానికి అది చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం అది నూటికి రెండు వంతులు కూడా కాదు, కదలనైనా కదలదు. వైరు కాలిపోకుండా చూడటం దాని పని. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. అంత తేడా వస్తే సెకనులో ఇరవై ఐదో వంతులోపే లైను కోసేస్తుంది.

మే నెలలో మన ఇళ్లలో తిరిగే ఇనప బాడీ కూలరునే తీసుకోండి. నీళ్లలో మునిగిన చిన్న పంపు, పాతబడ్డ వైరు, ఎర్తు లేని టూ పిన్ ప్లగ్గు, చుట్టూ ఒలికిన నీళ్లు, ఆ తడిలో చెప్పుల్లేకుండా నిలబడి రేకు మీద చెయ్యి వేసే పిల్లవాడు. కూలరు వేయగానే పడిపోయే స్విచ్చును డైరెక్ట్ చేస్తే ఆ బాడీలోని కరెంటు ఎక్కడికీ పోదు, చెయ్యి కోసం కాచుకుని ఉంటుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం ఇదే.

ప్రమాదం లేకుండా పడిపోయే సందర్భాలూ ఉన్నాయి, కాదనను. కంప్యూటర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఇన్వర్టర్ ఏసీలు తలా కొంచెం లీకు చేస్తాయి. అన్నీ కలిసి 15 మిల్లీయాంపులు దాటితే స్విచ్చు పడిపోవచ్చు. ఇన్వర్టరు బిగించినప్పుడు ఫేజును ఆర్‌సీసీబీ తర్వాత నుంచి, న్యూట్రల్‌ను దాని ముందు నుంచి లాగితే, ఫ్యాను వేసినా చాలు పడిపోతుంది. లోడును రెండు ఆర్‌సీసీబీలకు పంచడం, న్యూట్రల్ సరిచేయడం వీటికి మందు. పీకేయడం కాదు.

లోపం పట్టుకోవడం కష్టమూ కాదు. ప్లగ్గులన్నీ తీసేసి, ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీని పైకెత్తండి. తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటిగా ఎత్తండి. ఏది ఎత్తితే పడిపోయిందో లోపం ఆ లైనులో ఉంది. అన్నీ నిలిస్తే ప్లగ్గులు ఒక్కొక్కటే పెట్టండి. గీజరు, ఇస్త్రీపెట్టె, కూలరు, బోరు మోటారు కేబుల్ జాయింటు ముందు అనుమానించాల్సినవి. ప్లగ్గు స్విచ్చు ఆపితే చాలదు, పీకేయాలి. న్యూట్రల్ ఎర్తుకు తగిలితే ప్లగ్గు స్విచ్చు ఆపినా ఆర్‌సీసీబీ పడిపోతూనే ఉంటుంది. ఎంసీబీలన్నీ దించినా నిలవకపోతే మేస్త్రిని మెగ్గరు (వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటరు) తెచ్చి చూడమనండి. అక్టోబరు, నవంబరు వానల్లోనే పడిపోతుంటే నెమ్మెక్కిన బోర్డులు విప్పించండి.

ఎర్తు సంగతీ చూడండి. ఎర్తు బాగుంటే, లోపం వచ్చిన క్షణంలోనే, మనిషి ముట్టకముందే స్విచ్చు పడిపోతుంది. ఎండకు నేల నెర్రెలిచ్చే మన ప్రాంతంలో ఎర్తు గుంటలో నీళ్లు పోయడం మానేస్తే ఆ రక్షణ సన్నగిల్లుతుంది.

దేశంలో ఏటా పదివేల మందికి పైగా కరెంటు షాకుతో చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఈ లెక్క తెలిసి కూడా ఆర్‌సీసీబీని డైరెక్ట్ చేసే మేస్త్రి పని తప్పించుకుంటున్నాడు, చేయించే యజమాని ఇంటిల్లిపాదినీ ప్రమాదంలోకి నెడుతున్నాడు. లోపం దొరికేదాకా ఆ లైను ఆపేసి ఉంచండి. ఒక పూట ఉక్కపోత భరించగలం. ఇప్పటికే డైరెక్ట్ చేయించి ఉంటే ఈ వారమే తిరిగి పెట్టించండి. పెట్టాక నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. పడిపోకపోతే అప్పుడు మార్చాల్సింది స్విచ్చునే.