పాత కారు బ్రేకులు – ఇంట్లో ఎంతవరకు?

రాంగోపాల్‌పేట్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వారింట్లో పాత మారుతి 800 ఉంది. పిల్లల్ని స్కూల్లో దింపడం, మార్కెట్ పని అన్నీ ఆవిడే దానిమీద చూసుకుంటారట. కొద్దిరోజులుగా బ్రేకు తొక్కగానే ముందు చక్రాల దగ్గర కీచుమంటోంది. తమ్ముడేమో ఆదివారం ఇంటి ముందే బ్రేకులు మార్చేస్తానంటున్నాడు. మార్చనివ్వాలా, వద్దా అని ఆవిడ ప్రశ్న.

మారుతి 800 మొదట రోడ్డెక్కింది 1983లో, తయారీ ఆగిపోయింది 2014లో. అంటే ఈ బండి ఎవరింట్లో ఉన్నా వయసు పైబడిందే. పదిహేనేళ్లు దాటిన కారుకు ఆర్.సి. పొడిగించుకోవాలన్నా ముందు బ్రేకులు సరిగ్గా ఉండాలి. కాబట్టి ఈ ప్రశ్న ఆ సోదరి ఒక్కరిదే కాదు.

జవాబు ముందే చెప్పేస్తాను. బ్రేక్ ఆయిల్ పైపు విప్పకుండా అయ్యే పని ఇంట్లో చేసుకోవచ్చు. ఆయిల్ బయటికి వచ్చే పనైతే మెకానిక్ షెడ్డుకే పంపండి. ఈ గీత దాటవద్దు.

ఎందుకో చూద్దాం. ఇలాంటి చిన్న కార్లలో ఎక్కువగా ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి. సైకిల్ బ్రేకు రబ్బరు ముక్కలు రిమ్మును రెండు పక్కలా పట్టుకుంటాయి చూడండి, ముందు ప్యాడ్లు డిస్కును అలాగే పట్టుకుంటాయి. వెనుక డ్రమ్ములో షూలు లోపలినుంచి బయటికి ఒత్తుతాయి. మీ కాలి బలాన్ని వీటిదాకా మోసుకెళ్లేది బ్రేక్ ఆయిల్. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. పైపులో గాలి బుడగ చేరిందంటే పెడల్ మెత్తగా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు.

మీరే చేయగల పరీక్ష

ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి ఇంజను స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితే బ్రేకు బూస్టరు పనిచేస్తున్నట్టే. ఇంకో నిమిషం కాలు తీయకుండా ఉండండి. మెల్లగా కిందికి జారిపోతూ ఉంటే ఎక్కడో కారుతోందని గాని, మాస్టర్ సిలిండర్ పాడైందని గాని అర్థం. అప్పుడు కొత్త ప్యాడ్లు వేసి ప్రయోజనం లేదు. బండి తీయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

పెడల్ బాగానే ఉండి కీచుమంటోందంటే ప్యాడ్లు అరిగాయేమో చూడాలి. ప్యాడ్ మీద అరిగే పదార్థం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే వేళ అయిందన్నమాట. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ డబ్బాలో మట్టం కూడా తగ్గుతుంది. తగ్గింది కదా అని పోసేసి ఊరుకోకండి, ముందు ప్యాడ్లు చూడండి.

సామాను

రాంగోపాల్‌పేట్ వారికి స్పేర్ పార్టుల కోసం దూరం వెళ్లే పని లేదు. పక్కనే రాణీగంజ్. కారు మోడల్, తయారైన సంవత్సరం కాగితం మీద రాసుకెళ్లండి. సీలు చెదరని పెట్టె, బిల్లు, రెండూ అడిగి తీసుకోండి. నాలుగు డబ్బులు తక్కువని పేరూ ఊరూ లేని ప్యాడ్లు కొనకండి. ఇది చీర కాదు, రంగు పోతే సర్దుకోవడానికి! ఎప్పుడు మార్చినా ముందు రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒకవైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. సామానంతా శనివారానికే ఇంట్లో ఉండాలి. చక్రం విప్పాక షాపు మూసి ఉందంటే అవస్థ.

పని

సమంగా ఉన్న చోట కారు నిలపండి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టండి. చక్రం నేలమీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, తరువాత జాకీ ఎత్తండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. కింద తప్పకుండా ఇనుప స్టాండ్ పెట్టాలి. ఇటుకల మీద కారు నిలపడం ప్రాణాలతో ఆట. విప్పిన చక్రాన్ని కూడా కారు అంచు కిందికి తోసి ఉంచితే ఇంకో భరోసా. ఆ చుట్టుపక్కలకు పిల్లల్ని రానివ్వకండి.

కాలిపర్ కింది బోల్టు తీస్తే అది పైకి లేస్తుంది. దాన్ని రబ్బరు పైపు మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. పాత ప్యాడ్లు ఎలా కూర్చున్నాయో చూసుకుని తీయండి. ఆ దుమ్మును నోటితో ఊదవద్దు, చీపురుతో దులపవద్దు. పాత కార్ల లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో మూటకట్టి పారేయండి. డిస్కు మీద లోతైన గీతలు కనిపించినా, రబ్బరు పైపు పగిలినట్టున్నా పని అక్కడితో ఆపి మెకానిక్‌కు చూపించండి.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్‌ను సి-క్లాంపుతో మెల్లగా లోపలికి నెట్టాలి. అప్పుడు పైన డబ్బాలో ఆయిల్ పొంగవచ్చు, ఒకరు కనిపెట్టి ఉండాలి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే పెయింటు లేచిపోతుంది. ప్యాడ్ ముఖానికి గ్రీజు గాని, నూనె చెయ్యి గాని తగలకూడదు. ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండో పక్క విప్పండి. చక్రం నట్లు ఎదురెదురుగా బిగించుకురావాలి.

అసలు ప్రమాదం ఇక్కడే

పని అయిపోయింది, చేతులు కడుక్కున్నారు, ఒక రౌండ్ వేసొద్దామని కారు తీస్తారు. మొదటిసారి తొక్కగానే పెడల్ నేలకు తగులుతుంది! కారణం, వెనక్కి నెట్టిన పిస్టన్ ఇంకా ప్యాడ్ దగ్గరికి రాలేదు. కాబట్టి కారు కదపకముందే, ఇంజను ఆపి ఉండగా, పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు తొక్కాలి. ఆయిల్ మట్టం చూసుకోవాలి. ఎంత తొక్కినా గట్టిపడకపోతే కారు తీయవద్దు.

మొదటి రౌండ్ జనం లేని గల్లీలో, నడక వేగంతో. ఎం.జి. రోడ్డు మీదికో, కర్బలా మైదానం దాటి ట్యాంక్‌బండ్ వైపుకో ఆ పూటే వెళ్లవద్దు. కొత్త ప్యాడ్లు డిస్కుతో ఒరుసుకుని కుదురుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. అందాకా వేగం తగ్గించి నడపండి. రెండు రోజులయ్యాక నట్లు మళ్లీ ఒకసారి బిగించి చూడండి.

షెడ్డుకు వదిలేయవలసినవి

డ్రమ్ములో స్ప్రింగులు, లీవర్లు ఎక్కువ. ఒకటి తారుమారైనా బ్రేకు పట్టేస్తుంది, లేదా అసలు పట్టదు. అలవాటైన చెయ్యి కావాలి. బ్రేక్ ఆయిల్ మార్చి గాలి తీయడం కూడా అంతే. ఒకరు పెడల్ తొక్కిపట్టి, ఒకరు చక్రం దగ్గర నిపిల్ వదులు చేయాలి. నిపిల్ మూయకముందే కాలు లేపితే గాలి లోపలికి వెళ్తుంది.

కాని ఆయిల్ మార్చడం మాత్రం మరిచిపోకండి. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసిపెడితే ఏమవుతుందో మీకు తెలుసు. బ్రేక్ ఆయిల్ కూడా అలాగే తేమ పీలుస్తుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తలో కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక అది 140కి దిగవచ్చు. వరసగా బ్రేకులు వేసి వేడెక్కితే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. అందుకే రెండేళ్లకొకసారి మార్పించాలి. కారుకు ఏ రకం చెప్పారో డబ్బా మూత మీద చూడండి. ఆయిల్ అన్నాం కదా అని ఇంజనాయిల్ పోశారంటే లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి.

మిగిలిన బ్రేక్ ఆయిల్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి వంటింటి అటక మీద పెట్టకండి, అది విషం. మూత తీసిన డబ్బా తేమ పీల్చే ఉంటుంది కనుక దాచుకున్నా పనికిరాదు.

కనుక సోదరీ, తమ్ముడికి స్టాండ్, క్లాంపు, పగటి వెలుతురు, తొందరలేని ఆదివారం ఉంటే ముందు ప్యాడ్లు మార్చనివ్వండి. వెనుక చక్రాల జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. పని అయ్యాక పెడల్ ముందుగా మీరే తొక్కి చూడండి. రోజూ తొక్కే కాలు మీదే. తేడా మొదట తెలిసేదీ మీకే.