మామూలు మానేస్తాం, హక్కు అడుగుతాం

లంచానికి తెలుగువాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు మామూలు. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాట అది. అలవాటుగా జరిగేది అని అర్థం. కచేరీ మాటలు చాలా ఆ దారిన వచ్చినవే. అర్జీ, దస్తావేజు, ఫిర్యాదు, తహసీలు, జవాబు. ఈ భాషకి ఇన్ని మాటలు ఇచ్చినవాళ్లం ఇవాళ అదే కచేరీ గుమ్మంలో నిలబడి "మీదే ఊరు? ఎక్కణ్ణుంచి వచ్చారు?" అనిపించుకుంటున్నాం. పుట్టింది ఇక్కడ, తాతలు పోయింది ఇక్కడ. అయినా ఆ ప్రశ్న ఆగదు.

అదే దారిన వచ్చిన మరో మాట కూడా ఉంది. హక్కు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో ఈ ఊరు గొంతెత్తినప్పుడు ఆ నినాదంలో మా అమ్మీ మాట కూడా ఉంది. ఆ ఉద్యమంలో జనం పోలీసు తూటాలకి బలయ్యారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 64 ఊళ్లు లేచిపోయి ఫ్యాక్టరీ వచ్చింది. దాన్ని అమ్మాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయిస్తే కార్మికులు కూర్మన్నపాలెంలో శిబిరం వేసి అదే నినాదం మళ్లీ అందుకున్నారు. పెద్ద హక్కు కోసం రోడ్డెక్కే ఊరు ఇది. మరి బర్త్ సర్టిఫికెట్టు కౌంటరు దగ్గర ఈ ఊరే ఎందుకు నోరు మూసుకుని జేబులో చెయ్యి పెడుతుంది?

మామూలు, హక్కు. రెండూ ఒకే ఇంట్లోంచి వచ్చిన మాటలే. కానీ ఒకటి ఉన్నచోట రెండోది ఉండదు. మేం చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

లంచం అందరూ ఇస్తారు కదా, ఇందులో ముస్లిం సంగతేముంది అని లౌకికవాద మిత్రులు అడుగుతారు. ఉంది. లంచం అడిగేవాడు మీ జేబు చూసి అడగడు, మీ భయం చూసి అడుగుతాడు. ఎవరి భయం ఎక్కువో వారి రేటు ఎక్కువ. మా పేరే మా భయం. పాస్‌పోర్టు ఎంక్వయిరీకి వచ్చినాయన పక్కింట్లో టీ తాగి, ఖర్చులకింత పుచ్చుకుని పోతాడు. మా ఇంట్లో కూర్చుని "మీవాళ్ల ఫైలు కదా, కాస్త జాగ్రత్తగా రాయాలి" అంటాడు. జాగ్రత్త అన్న ఆ ఒక్క మాటకి ధర వేరు. గల్ఫులో పనికి పోయే కుర్రాడు ఆ మాట విన్నాక బేరం ఆడతాడా?

మా పేర్ల సంగతి చూడండి. ఒక కార్డులో షేక్, ఇంకోదాంట్లో షేఖ్, మరోదాంట్లో సెక్. ఒకచోట బీబీ, ఒకచోట బీ, ఇంకోచోట బేగం. రాసినవాడికి చెవి ఆనక రాసిన తప్పు అది. దిద్దించుకునే ఖర్చు మాది. 2007 చట్టంతో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నడుస్తోంది. కానీ ఆ సర్టిఫికెట్టు చేతికి రావాలంటే ముందు ఈ పేర్లన్నీ కలవాలి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చి, వెనకే ఎన్నార్సీ అన్నారు. అప్పుడు మావాళ్లు పాత కాగితాల కోసం ఎలా పరుగులు పెట్టారో మాకు తెలుసు. ఒక్క అక్షరం తేడాతో దేశంలోంచే కొట్టేస్తారేమోనన్న భయం. ఆ భయం మీద బ్రోకర్లు బతికారు.

తోపుడు బండి సంగతీ అంతే. పూర్ణా మార్కెట్లో, జగదాంబ దగ్గర, గాజువాకలో పళ్లమ్మేవాళ్లు, కబాబులు కాల్చేవాళ్లు సాయంత్రానికి ఎంతమందికి చేతులు తడపాలో లెక్క వేసుకుని తెల్లారి సరుకు కొంటారు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చెయ్యాలి, సర్టిఫికెట్టు ఇవ్వాలి, సర్వే అయ్యేదాకా ఎవర్నీ లేపకూడదు, పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి అంటుంది ఆ చట్టం. బండివాడి చేతిలో ఆ సర్టిఫికెట్టు ఉంటే మామూలు ఎందుకివ్వాలి? అందుకే అది చేతికి రావడం అంత కష్టం.

ఇక మా సంగతి. మేం కడిగిన ముత్యాలం కాదు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ పాపులే అని జుమ్మా ఖుత్బాలో వింటాం. బయటికొచ్చి చెప్పులేసుకుని, క్యూలో ముందుకు పోడానికి నోటు మడత పెడతాం. "ఇచ్చేస్తే పోద్ది, మనకెందుకు గొడవ" అని పెద్దలు నేర్పిన తెలివి. అది తెలివి కాదు, తలొంచుకోవడం.

వక్ఫ్ లెక్క ఎవరడుగుతారు? దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు, సుమారు 6 లక్షల ఎకరాలు ఉంటే ఏడాదికి వచ్చే ఆదాయం 163 కోట్లేనని 2006లో సచార్ కమిటీ చెప్పింది. సరిగ్గా చూసుకుంటే 12,000 కోట్లు రావచ్చని కూడా చెప్పింది. ఆ తేడా ఎవరి ఇళ్లలోకి పోయింది? అందులో ఆక్రమించిన సర్కారు ఆఫీసులున్నాయి, కబ్జాకోరులున్నారు, నామమాత్రపు కిరాయికి దుకాణాలు రాసిచ్చిన మా ముతవల్లీలూ ఉన్నారు. 2025లో వక్ఫ్ చట్టాన్ని సవరించి మా గొంతు నొక్కినప్పుడు మేం వీధిలోకి వచ్చాం. రావాల్సిందే. కానీ అంతకు ముందు ఎన్నేళ్లు మా ముతవల్లీని లెక్క అడక్కుండా కూర్చున్నాం? మేం అడగని లెక్క సాకుగా చూపించే వాళ్లు మా తలుపు తట్టారు.

ఎదిరించినవాళ్లు లేరా? ఉన్నారు. రాజస్థాన్ పల్లెల్లో మస్టర్ రోళ్లలో చచ్చినవాళ్ల పేర్లతో కూలి తినేస్తుంటే, 1994లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు ఊరి మధ్యన ఆ కాగితాలు చదివి వినిపించారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా కూర్చున్నారు. కూలీల ఆ పట్టుదలే 2005లో సమాచార హక్కు చట్టమైంది. మా ఊళ్లోనే ఉన్న ఇ.ఎ.ఎస్. శర్మగారు ఐఎఎస్ ఉద్యోగం వదిలేసినవారు. భూముల మీద, గనుల మీద, థర్మల్ ప్లాంట్ల మీద ఉత్తరాలు రాస్తారు, కోర్టుకెక్కుతారు. 2017లో భీమిలి, మధురవాడ వైపు భూరికార్డులు తారుమారయ్యాయని గగ్గోలు లేస్తే సర్కారు సిట్ వెయ్యక తప్పలేదు. ఆ సిట్ ముందు జనం కాగితాలు పట్టుకుని వరస కట్టారు. అన్నాళ్లూ విడివిడిగా ఏడ్చినవాళ్లే వాళ్లంతా.

సమాచార హక్కు చట్టంలో మాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. ఆరో సెక్షన్ రెండో క్లాజు. సమాచారం ఎందుకు కావాలో అడిగేవాడు చెప్పనక్కర్లేదు. ఎందుకొచ్చావు, ఎక్కణ్ణుంచి వచ్చావు అని బతుకంతా అడిగించుకున్నవాళ్లకి ఆ వాక్యం విలువ తెలుస్తుంది. ఎవరడగొచ్చో మూడో సెక్షన్ చెబుతుంది. పౌరులు. అంతే. ఆ అర్జీ పెట్టిన ప్రతిసారీ మేం ఈ దేశ పౌరులమని సంతకం చేస్తున్నట్టే.

మా వీధిలో ఒక పెద్దామె. భర్త హార్బరులో హమాలీ చేసి పోయాడు. మరణ పత్రంలో ఒక్క అక్షరం తప్పు, ఆమెకి పింఛను లేదు. ఒక ఆఫీసులో నెలలు తిప్పారు. రెండు వేలడిగారు. ఇదివరకైతే చందా వేసి ఇచ్చేవాళ్లం. ఈసారి మా కుర్రాళ్లూ పక్కవీధి జాలరి కుర్రాళ్లూ కూర్చుని పది రూపాయలతో అర్జీ రాశారు. మా దరఖాస్తు ఏ తేదీన ఏ టేబుల్ మీదికి వచ్చింది? అక్కడ ఎన్నాళ్లుంది? ఎన్నాళ్లలో తేల్చాలి? తేల్చనివారు ఎవరు? జవాబుకి గడువు 30 రోజులు. ఇవ్వకపోతే అధికారి మీద రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు. జవాబు రాలేదు. గడువులోపే దిద్దిన సర్టిఫికెట్టు వచ్చింది. ఆమె కాగితం కొంగులో కట్టుకుని మమ్మల్ని పక్కకి పిలిచింది. "నిజం చెప్పండి బేటా, ఎవరికి ఎంతిచ్చారు?"

ఆమెకి నమ్మకం కలగలేదు. మా కష్టమంతా ఆ అపనమ్మకంలోనే ఉంది.

ఇది పూలబాట అని మేం చెప్పం. గిర్ అడవుల్లో అక్రమ గనుల మీద పోరాడిన అమిత్ జేఠ్వాని 2010 జూలైలో గుజరాత్ హైకోర్టు దగ్గరే కాల్చి చంపారు. 2018 సవరణతో లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతపెడితే ఇచ్చానని ఏడు రోజుల్లో చెప్పుకుంటేనే బయటపడతాడు. 2023 డేటా రక్షణ చట్టం 8(1)(జె) క్లాజుని తిరగరాసింది. వ్యక్తిగత సమాచారమన్న ఒక్క మాటతో ఎంతో దాచేసే వీలొచ్చింది. కూలీలు తెరిచిన కిటికీకి ఇలా తెర కడుతుంటే, అవినీతి అనగానే 2011లో కొవ్వొత్తులు పట్టుకున్న పెద్దమనుషులు ఇప్పుడెక్కడున్నారు? వాళ్లకి లంచం చిరాకు. మాకు లంచం బతుకు మీద పన్ను.

అందుకని ఒంటరిగా పోవద్దు. ఒక్కడు పోతే తురకోడు వచ్చాడంటారు. జాలరి, మాల, మాదిగ, యాత, సాయిబు కలిసి పదిమంది పోతే జనం వచ్చారంటారు. అర్జీ మీద పది సంతకాలుండాలి. లంచమడిగితే 1064కి ఫోను చేసేటప్పుడు పక్కన నలుగురుండాలి. మొదటి లెక్క మా మస్జిద్ కమిటీనే అడుగుతాం. మాది మేం అడిగాకే పక్కవాడి ఆఫీసు మెట్లెక్కుతాం.

మా హార్బరు మొగలో పక్కపక్కనే మూడు కొండలు. ఒకదానిమీద చర్చి, ఒకదానిమీద వెంకటేశ్వరస్వామి, ఒకదానిమీద ఇషాక్ మదీనా దర్గా. కింద కౌంటరు దగ్గర మాత్రం మూడు కొండలవాళ్లూ ఒకే మామూలు కడుతున్నారు. మేం కట్టడం మానేస్తున్నాం. మీరూ మాతో రండి.