ఫణిగిరి నుంచి అలెగ్జాండ్రియా దాకా

మధ్యధరా తీరం చూసొచ్చిన మనవాళ్లు అక్కడి పాత కోటలు, వైన్, తెల్లవార్లూ సందడి చేసే రేవు వీధుల గురించి మురిపెంగా చెబుతారు. ఈ యాత్రా సంచికను మేం మాత్రం తుంగతుర్తికి దగ్గర్లోని ఫణిగిరి గుట్ట నుంచి మొదలుపెడుతున్నాం.

రెండు వేల ఏళ్ల కిందట మధ్యధరా తీరంలోని అలెగ్జాండ్రియా రేవు సరుకు నైలు నది, ఎర్ర సముద్రం దాటి మన దేశానికి చేరేది. వైన్ జాడీలు ఇటు వచ్చేవి, మిరియాలు, సన్నటి నూలు బట్టలు అటు వెళ్లేవి. 'పెరిప్లస్' అనే సముద్రయాన గ్రంథం రాసిన గ్రీకు నావికుడు మన కోస్తాను 'మసాలియా' అని పిలిచి, అక్కడి నేత గురించి చెప్పాడు. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఆ కొండ లోయ రాజధానిగా ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలంలో ఫణిగిరి బౌద్ధారామం కూడా వెలిగింది. 2023లో ఇక్కడి శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. 2024లో ఇక్కడే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి.

దూరపు రేవులకు తప్పకుండా వెళ్లండి. వెళ్లేముందు పిల్లల్ని తీసుకుని ఒక్కసారి ఈ గుట్ట ఎక్కండి. అప్పుడు అలెగ్జాండ్రియా ఒడ్డున నిలబడినా పరాయి ఊరనిపించదు. మన తెలుగు నేల ఎరిగిన రేవే అనిపిస్తుంది.

— సంపాదకుడు